పోస్టులో తిరిగొచ్చిన జెండా

కార్వినెక్,
9 నవంబరు 1998

గెన్యా,

బాగున్నావా అని అడగను. ఇక్కడ ఎవరూ బాగా లేరు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే ఎత్తేది మీ ఆయన. ఈ వారంలో ఆ మిరెక్ గొంతు వింటే ఫోను గోడకేసి కొడతాను. పైగా ఉత్తరమైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

మన జెండా పోయింది.

చిన్నవాటిలో ఒకటి కాదు. పెద్దది. అమ్మ కుట్టింది. శనివారం బయటూరి మ్యాచ్‌లో కుండపోత వాన, జెండా తడిసి ముద్దయింది. తెచ్చి మన బిల్డింగు పైన, అందరూ బట్టలారేసుకునే అటక మీద ఆరేశాను. ఆదివారం సాయంత్రం వెళ్ళి చూస్తే ఖాళీ తాడు. తాళం పగల్లేదు, నేనే వెయ్యడం మర్చిపోయానేమో. క్లిప్పులు మాత్రం ఒక మూల వరసగా పెట్టి ఉన్నాయి. దొంగవెధవకి ఆ మర్యాద ఒకటి!

నీకు తెలీదు, అమ్మ దాన్ని కుట్టేనాటికి నువ్వు నెలల పిల్లవి. నాకు తొమ్మిదేళ్ళు, నాకు గుర్తుంది. మన తాతలు, రైల్వే వర్క్‌షాపు వాళ్ళు, 1924లో తమ ఫుట్‌బాల్ జట్టుకి పెట్టుకున్న పేరు ఇస్క్రా. నిప్పురవ్వ. తర్వాత కొత్త సర్కారు వాళ్ళు వచ్చి ఆ పేరు తీసేసి 'రైల్వే కార్మికుడు' అని తగిలించారు. దేశంలో అలాంటి 'రైల్వే కార్మికులు' ఎంతమందో, ఎవడు ఎవడితో ఆడుతున్నాడో రిఫరీకే అర్థమయ్యేది కాదు. యాభైయ్యారులో పేరు తిరిగి ఇచ్చారు. ఆ సాయంత్రమే వర్క్‌షాపు వాళ్ళంతా మన వంటింట్లోకి వచ్చి అమ్మతో, "స్టెఫ్చా, జెండా కావాలి" అన్నారు. ఎర్రగుడ్డ ఎక్కడుంది? ఊళ్ళో ఉన్నదంతా సర్కారు భవనాల మీదే వేలాడుతోంది. అమ్మ తన పెళ్ళినాటి ఈకల బొంత, ఎర్రగుడ్డది, తెచ్చి చర్రున చించింది. వారం రోజులపాటు సూపులో ఈకలు. ఆ శీతాకాలమంతా నాన్న రైల్వే కోటు కప్పుకుని పడుకున్నాడు. "ఇస్క్రా గెలిస్తే చలెయ్యదు, ఓడితే రెండు కోట్లయినా చాలవు" అనేవాడు.

వర్క్‌షాపు మూసేశారు. జట్టు జిల్లా లీగుకి దిగజారింది. కోచ్ బస్సు కూడా తనే నడుపుకుంటున్నాడు. అయినా ఆ జెండా మీద పరాయి చెయ్యి పడలేదు, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా. ఇప్పుడేమవుతుందో నీకు తెలుసు. వసంతంలో మీ ఒల్షవలో మ్యాచ్ ఉంది. మీ సోకోల్ జట్టు వెధవలు దాన్ని కంచెకి తలకిందులుగా కట్టి, మా కళ్ళముందు తగలబెడతారు. జెండా పోగొట్టుకున్న అభిమానుల గుంపు గుంపు కాదు. ఆ రోజే మేము డప్పు పక్కన పెట్టి, మఫ్లర్లు విప్పి, ఎవడి కొంపకి వాడు పోవాలి. ఎక్కడా రాసి లేదు ఈ మాట. రాసినవాటికన్నా గట్టిది.

నువ్వు ఆ ఊళ్ళోనే ఉన్నావు. దుకాణంలో, చర్చి మెట్ల మీద చెవి ఒగ్గి విను. ఎవడు మీసం మెలేస్తున్నాడో నాకు రాయి.

నీ అన్నయ్య
బ్రోనెక్

అమ్మకి చెప్పలేదు. డ్రైక్లీనింగుకి ఇచ్చానన్నాను.


ఒల్షవ,
17 నవంబరు

అన్నయ్యా,

కవరు చింపి మొదటి నాలుగు ముక్కలు చదివేసరికి ఎవరో పోయారనుకున్నాను. గుండె పట్టుకుని కూర్చున్నాను. చివరికి చూస్తే గుడ్డ! యాభై దాటిన మనిషివి, నీ వయసువాళ్ళు గుండెనొప్పికి మందులు మింగుతున్నారు, నువ్వు అటక మీద క్లిప్పులు లెక్కపెట్టుకుంటున్నావు.

డ్రైక్లీనింగట! సబ్బు ఎక్కువ రాస్తేనే దండగ అనే మనిషికి ఆ కబురు చెప్పావంటే నీ తెలివికి దండం పెట్టాలి.

నన్ను గూఢచారిని చేస్తావా? ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ నా బతుకేమిటో ఎప్పుడైనా అడిగావా? రొట్టెలమ్మే ఆవిడ ఈ రోజుకీ "ఏం కార్వినెక్ పిల్లా, మీవాళ్ళు మళ్ళీ ఓడారటగా" అంటుంది. మన ఇంటికొస్తేనేమో నువ్వు "రావమ్మా, ఒల్షవ కోడలా" అంటావు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను మీ బంతాట పుణ్యమా అని. నా పెళ్ళిరోజున చర్చి గుమ్మంలో నిలబడి ఇస్క్రా పాట అందుకున్నది ఎవరు? మా అత్తగారు పోయేదాకా అదే ఎత్తిపొడిచింది. అసలీ పగ ఎందుకొచ్చిందో ఎవరికైనా తెలుసా? బంతి ఏట్లో పడితే ఎవరు దిగి తియ్యాలని! ఆ బంతి ఇప్పటికి సముద్రం చేరుంటుంది. మీరు మాత్రం ఇంకా గట్టు మీదే నిలబడి తిట్టుకుంటున్నారు.

నేనేమీ వినలేదు. కుట్టుమిషన్ల హోరులో పొద్దున్నించీ కూర్చుని ఇంటికొచ్చేసరికి నా పేరే నాకు వినపడదు. ఎవరు మీసం మెలేస్తున్నారో చూసే ఓపిక నాకు లేదు.

నీ మేనల్లుడు దమ్యాన్ బాగానే ఉన్నాడు. స్కూలు ఆఖరి పరీక్షల ఏడాది కదా, తిండి తగ్గించాడు, తలుపేసుకుని కూర్చుంటున్నాడు. వాడి సంగతి నువ్వేం పట్టించుకోకు. అమ్మ ఆ ఆదివారం పంపిన దోసకాయ ఊరగాయ సీసా అందిందని చెప్పు.

గెన్యా


కార్వినెక్,
22 ఫిబ్రవరి 1999

గెన్యా,

క్రిస్మస్‌కి వచ్చావు, సూపు తాగావు, నా ముఖంలోకి చూడకుండా వెళ్ళావు. సరే. నీ సాయం లేకుండానే దొంగ దొరికాడు.

మీ రొట్టెలావిడ కొడుకు, రేమెక్. బస్టాండులో మావాళ్ళ ఎదురుగా నిలబడి, "మీ నిప్పు మా ఊళ్ళో చల్లారుతోంది, వసంతంలో రండి, చలి కాచుకుందురుగాని" అన్నాడట. వాడికి ఎలా తెలుసు? తీసినవాడికే తెలుస్తుంది. నిన్న మా గుంపు నుంచి వీటెక్, ఇంకో ఇద్దరు వెళ్ళి వాడితో మాట్లాడారు. మాట్లాడటమంటే ఏమిటో నీకు విడమర్చి చెప్పక్కర్లేదు. భుజం ఎముక విరిగింది. అయినా వాడు నోరు విప్పలేదు. మొండిఘటం.

నేను వెళ్ళలేదు. వెళ్ళొద్దని కూడా అనలేదు. ఎందుకంటానే? గుంపులో సగం మంది ఇప్పటికే నన్ను చూస్తే మాట మార్చేస్తున్నారు. "అటక మీద ఆరేశాడట, లంగాల పక్కన" అని వెనక నవ్వుతున్నారు. ఇరవయ్యేళ్ళు ఆ డప్పు ముందు నిలబడి గొంతు చించుకున్నాను. గొంతు పోయింది, మోకాలు పోయింది, పెళ్ళాం పోయింది. ఆ డప్పు తప్ప నాకేం మిగిలిందో చెప్పు.

అమ్మ రోజూ అడుగుతోంది, "డ్రైక్లీనింగు నుంచి వచ్చిందా?" అని. అడిగి నా ముఖంలోకి చూస్తుంది.

బ్రోనెక్


ఒల్షవ,
1 మార్చి

బ్రోనెక్,

అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రావట్లేదు.

రేమెక్‌ని ఆసుపత్రిలో చూసొచ్చాను. వాళ్ళమ్మ నాకు రొట్టె అమ్మనంది. కౌంటరు వెనక నిలబడి ఏడుస్తూ "నీ వాళ్ళు, నీ వాళ్ళు" అంది. నా వాళ్ళట! అవును, నా వాళ్ళే. నలుగురి ముందు తల దించుకుని బయటికొచ్చాను.

వాడు నోరు విప్పలేదని రాశావే, మొండిఘటమని. వాడు ఎవరి పేరు చెప్పలేదో తెలుసా? నీ మేనల్లుడి పేరు. జెండా తీసింది దమ్యాన్.

ఆ ఆదివారం అమ్మ దగ్గర భోజనానికి వచ్చాడు చూడు, అప్పుడే. కోడి సూపు తాగాడు, కట్లెట్ రెండోది కూడా అడిగి తిన్నాడు, పైకెళ్ళి జెండా సంచిలో కుక్కుకుని, పైన ఊరగాయ సీసా పెట్టుకుని బస్సెక్కాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు. నాకు వారం తిరక్కుండానే తెలిసింది. సోఫా కింది పెట్టెలో దుప్పట్ల అడుగున కనబడింది. నీకు ఉత్తరం రాసే వేళకి నేను దాని మీదే కూర్చుని ఉన్నాను. ఎందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వేం చేస్తావో తెలుసు గనక. రేమెక్‌కి చేసింది చూశాక నా భయం నిజమేనని తేలింది.

వాడెందుకు చేశాడో కూడా విను. ఈ ఊళ్ళో వాణ్ణి చిన్నప్పటినించీ ఏమని పిలుస్తారో తెలుసా? రవ్వగాడు. బాప్తిజం నాడు జ్ఞానతండ్రిగా నిలబడి, తెల్లబట్టల పసివాడి మెడలో ఇస్క్రా మఫ్లర్ చుట్టిన మహానుభావుడివి నువ్వే కదా! ఊరంతా చూసింది. స్కూల్లో రవ్వగాడు, మైదానంలో రవ్వగాడు, సోకోల్ గ్యాలరీలో నిలబడితే "మీ మామ అటువైపున్నాడు, అటు పో" అంటారు. ఈ సారి పెద్దకుర్రాళ్ళు వాణ్ణి పట్టుకుని, "నువ్వు మావాడివైతే ఏదైనా తెచ్చి చూపించు" అన్నారు. తెచ్చాడు. మిరెక్ వాడి వీపు తట్టాడు. నేను చెంప పగలగొట్టాను.

చాలు. నాకు మీ పౌరుషాలు వద్దు. అది అమ్మ బొంత. వాడు స్కూలుకి వెళ్ళిన వేళ తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి పార్సెల్ కట్టాను. ఇందులోనే రేగుపళ్ళ జాము కూడా పెట్టాను, అమ్మకి. జెండా నీకొచ్చేసింది కాబట్టి ఇక ఎవరి ఎముకలూ విరగ్గొట్టక్కర్లేదు.

గెన్యా


కార్వినెక్,
8 మార్చి

గెన్యా,

ఇవాళ మహిళా దినోత్సవం. నీకు పువ్వు పంపాల్సింది. దాని బదులు నీ పార్సెల్ నీకే తిప్పి పంపుతున్నాను. జాము ఉంచుకున్నాం.

నీకు మతి పోయిందా? జెండా పోస్టులో పంపుతావా? పైన స్టాంపులంటించి, "పగిలే వస్తువు" అని రాసి? ఇస్త్రీ చేశావట! కార్వినెక్ వాళ్ళకి ఒల్షవ నుంచి జెండా ఇస్త్రీ చేసి పంపారని తెలిస్తే, ఇక్కడినుంచి సముద్రం దాకా ప్రతి గ్యాలరీలో మా మీద పాట కడతారు. పోయిన జెండాని ఊరికే పుచ్చుకున్నవాడు ముష్టివాడు. తగలబడినా పరవాలేదు గెన్యా, బూడిదైనా పరవాలేదు. వెనక్కి తీసుకోకూడదు. ఒల్షవ గ్యాలరీలో పుట్టినవాడికైనా ఈ సంగతి తెలుసు. ఇస్క్రా ఇంట్లో పుట్టి నీకు తెలీదు!

పోస్టుమాన్ నేను లేనప్పుడు వచ్చాడు. అమ్మ సంతకం పెట్టి తీసుకుంది. నేను డిపోలో డ్యూటీ దిగి వచ్చేసరికి పార్సెల్ బల్ల మీద ఉంది, విప్పలేదు, పైనించి చేత్తో తడుముతోంది. "నా గుడ్డ నాకు తెలీదట్రా" అంది. ఇక దాచడానికేముంది, అంతా చెప్పాను. విని తాపీగా, "నాకు ఆ రోజే తెలుసు" అంది. ఆ ఆదివారం తను అటక మీదికెళ్ళేసరికి మనవడు తాడు మీంచి జెండా తీస్తున్నాడట. మడత కుదరట్లేదట. "అంత పెద్ద గుడ్డ ఒక్కడి వల్ల అవుతుందా? రెండు కొసలు నేను పట్టుకున్నాను" అంది. క్లిప్పులు తీసి మూలన పెట్టింది కూడా ఈవిడే!

"ఎందుకమ్మా?" అని అరిచాను. "వాడు వణికిపోతున్నాడ్రా. కేకేస్తే ఆ మెట్ల మీంచి దొర్లేవాడు. వాడే తెస్తాడులే అనుకున్నా" అంది. నాలుగు నెలలు డ్రైక్లీనింగు, డ్రైక్లీనింగు అని నా చుట్టూ తిరిగి నన్ను ఆడించింది. ఇంటిదొంగని దేవుడైనా పట్టలేడంటారు. ఈ ఇంట్లో దొంగలే ఉన్నారు గానీ మనిషనేవాడు లేడు.

రేమెక్ సంగతి నాకు చెప్పకు. తెలిసుంటే అలా జరిగేది కాదు. వాళ్ళమ్మకి నేనేం రాయాలో నాకు తోచట్లేదు.

ఇక మీ సుపుత్రుడు. వాడికి నా మాట ఉన్నదున్నట్టు చెప్పు. ముసలిదాని అటక మీంచి లంగాల మధ్య నుంచి ఎత్తుకుపోవడం తీసుకోవడం కాదు, దొంగతనం. దమ్ముంటే ఆ జెండా మైదానం మీదుగా మోసుకొచ్చి, అందరూ చూస్తుండగా నా ముఖాన పారెయ్యమను. అప్పుడు నా మేనల్లుడని ఒప్పుకుంటాను. అంతవరకు వాడెవడో నాకు తెలీదు.

బ్రోనెక్


ఒల్షవ,
12 ఏప్రిల్

బ్రోనెక్,

పార్సెల్ అందింది. నీ ఉత్తరం అందింది. ఉన్నదున్నట్టు చెప్పమన్నావు కదా, వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఒళ్ళు మండి చదివాను. మీ మామ ఎలాంటివాడో విను, మీ నాన్న ఎలాంటివాడో ఎదురుగా చూడు, నువ్వు ఎవరిలా అవుతావో తేల్చుకో అన్నాను.

అమ్మమ్మ రెండు కొసలు పట్టుకున్న ముక్క దగ్గర వాడు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. తలెత్తి, "మామయ్య నిజంగానే అలా రాశాడా, మైదానం మీదుగా అని?" అన్నాడు. ఉత్తరం వాడి మీదికి విసిరేశాను. తీసుకుని గదిలోకి వెళ్ళాడు.

రేమెక్ దగ్గరికి రోజూ వెళ్తున్నాడు. వాళ్ళమ్మ వీడికి రొట్టె అమ్ముతోంది, నాకు మాత్రం ఇంకా అమ్మట్లేదు. పెద్దకుర్రాళ్ళు ఇంటికి వచ్చారు, మ్యాచ్‌కి జెండా సిద్ధంగా ఉందా అని. నాలుగు లీటర్ల పెట్రోలు డబ్బా కూడా తెచ్చి మా మెట్ల కింద పెట్టారు. మిరెక్ వాళ్ళకి బీరు పోశాడు. నేను డబ్బా తీసుకెళ్ళి మురిక్కాలవలో ఒంపేశాను. దాంతో ఇంట్లో పెద్ద గొడవ. కొత్త డబ్బా తెచ్చుకుంటారులే, నాకు తెలుసు.

నాకు అలసటొచ్చింది. ఈ మ్యాచ్‌కి అమ్మని తీసుకురాకు. ఎప్పటిలా మడతస్టూలు, ఫ్లాస్కు పట్టుకుని బయల్దేరుతుంది, నువ్వే ఆపు. తన బొంత తగలబడుతుంటే చూడక్కర్లేదు.

గెన్యా


కార్వినెక్,
14 మే

గెన్యా,

ఆసుపత్రి వరండాలో నన్ను చూసి ముఖం తిప్పుకుని వెళ్ళిపోయావు. అందుకని రాస్తున్నాను. నీకు తలో మాటా చెబుతారు, నా నోటి నుంచి విను.

మ్యాచ్‌కి రాకుండా అమ్మని ఆపడం నా వల్ల కాలేదు. ఆపగలిగినవాడు ఇంకా పుట్టలేదు. మా గ్యాలరీలో ముందు వరసలో, కంచె పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. సగం ఆట అయ్యేదాకా గోల్ లేదు. మీవాళ్ళ కంచె మీద జెండా లేదు. మావాళ్ళు గుసగుసలు మొదలెట్టారు, తేలేదేమో, భయపడ్డారేమో అని. విరామంలో జట్లు లోపలికి వెళ్ళాయి. అప్పుడు మీ గ్యాలరీ మూలన చిన్న గేటు తెరుచుకుంది. దమ్యాన్ బయటికొచ్చాడు. ఒక్కడే. చేతుల మీద మడతపెట్టిన జెండా, నిండు పాలగిన్నె పట్టుకొస్తున్నట్టు జాగ్రత్తగా. గడ్డి మీదికి దిగి మావైపు నడిచాడు.

మొదట రెండువైపులా ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మీవాళ్ళ నుంచి ఒక అరుపు లేచింది. మావాళ్ళు నావైపు చూశారు. జెండా వెనక్కి ఇవ్వడానికొస్తే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. వీపు తిప్పాలి. చూడకూడదు, ముట్టుకోకూడదు. వాళ్ళు నా మాట కోసం ఆగారు. "వెనక్కి తిరగండి" అన్నాను. అనాలి గనక అన్నాను. మా గ్యాలరీ మొత్తం వీపు తిప్పింది.

వాడు కంచె దాకా వచ్చి "మామయ్యా!" అని పిలిచాడు. పిలవగానే తిరిగాను. కంచె ఎక్కి దూకాను, ఈ మోకాలితోనే. అప్పటికే మీ వీరులు వాణ్ణి కింద పడేసి తొక్కుతున్నారు. నేను వాడి మీద పడుకున్నాను. నా వీపు చూస్తే ఏ రంగో చెప్పలేవు. జెండా ఎవడో లాక్కుపోయాడు, అక్కడే సెంటర్ సర్కిల్ మీద పెట్రోలు పోసి కాల్చారు. నేను తలెత్తి చూడలేదు. పోతే పోయింది.

వాడి చెయ్యి, రెండు పక్కటెముకలు విరిగాయి. అతుక్కుంటాయన్నారు. ఒల్షవలో మీ కిటికీల మీద పడ్డ రాళ్ళ సంగతి విన్నాను, అందుకే ఆసుపత్రి నుంచి తిన్నగా మన ఇంటికే తెచ్చుకున్నాను. ఇక్కడే ఉంటాడు.

ఇంకోటి విను. మావాళ్ళు సోమవారం కూర్చుని నన్ను తీసేశారు. గుంపు రద్దు చేసుకోవడానికి వాళ్ళకి మనసొప్పలేదట. జెండా పోగొట్టింది బ్రోనెక్, కంచె దూకి మాట తప్పింది బ్రోనెక్, బ్రోనెక్ లేకపోతే సరిపోతుందట! వీటెక్ మా గుమ్మంలో నిలబడి, "డప్పు ఇచ్చెయ్ బ్రోనెక్, ఊరికే గొడవొద్దు" అన్నాడు. వాడికి డప్పు కొట్టడం నేర్పింది నేను! డప్పు మెట్ల మీంచి కిందికి దొర్లించాను. అది ఆగేదాకా బిల్డింగంతా బయటికొచ్చి చూసింది. పొండి వెధవల్లారా అని అరిచాను. నాకేం బాధ లేదు. నా మేనల్లుడు పిలిచాడు, నేను వెళ్ళాను. అంతే.

బ్రోనెక్


ఒల్షవ,
19 మే

బ్రోనెక్,

అంతే అన్నావు. అంతేనా?

మిరెక్ ఆ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడట. అడుగు కదపలేదట. ఆయన సంగతి నేను చూసుకుంటున్నాను, ఇప్పుడు వాళ్ళక్క ఇంట్లో పడుకుంటున్నాడు. నీ సంగతి అడుగుతున్నాను.

ఆదివారం నువ్వు డిపోలో ఉన్నప్పుడు వచ్చి వెళ్ళాను. దమ్యాన్‌ని అడిగాను, మామయ్య ఎప్పుడు తిరిగాడ్రా అని. "పిలవగానే తిరిగాడమ్మా" అన్నాడు. నా కళ్ళలోకి చూడకుండా, సరిగ్గా నీ ఉత్తరంలో ఉన్న మాటే అన్నాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి అమ్మని అడిగాను. అమ్మ వీపు తిప్పలేదు, స్టూలు మీద కూర్చుని అంతా చూసింది. దుంపలు తొక్కు తీస్తూనే, "వాడు చాలాసార్లు పిలిచాడే. కంచె సందుల్లోంచి చెయ్యి పెట్టి మీ అన్న కోటు కూడా పట్టుకున్నాడు. నేను సంచితో వీడి నడుం మీద కొట్టాను" అంది. కత్తి పక్కన పెట్టి అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

వాడు నీ కోసం అబద్ధం ఆడుతున్నాడా? నువ్వు నేర్పావా? క్షమాపణలు రాయకు, మోకాలి గొడవ రాయకు, వీపు రంగు రాయకు. నువ్వు ఎప్పుడు తిరిగావో ఒక్క ముక్క రాయి.

గెన్యా


కార్వినెక్,
23 మే

గెన్యా,

అమ్మ అబద్ధం చెప్పదు. వాడు పడ్డాకే తిరిగాను.

వాడికి నేనేమీ నేర్పలేదు. నువ్వు రాసేదాకా వాడు అలా చెబుతున్నాడని కూడా నాకు తెలీదు. ఇవాళ చర్చి నుంచి వచ్చాక వాడి మంచం పక్కన కుర్చీ వేసుకుని, "నా కోసం అబద్ధమాడకురా, నువ్వు పిలిచిన ప్రతిసారీ నాకు వినబడింది" అని చెప్పాను. వాడు విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, మెల్లగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆ కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. వాడు ఇంకా ఇటు తిరగలేదు.

బ్రోనెక్